అచ్చుపుట, గోడపత్రం, చేతిరాత: తెలుగు స్వతంత్ర ప్రచురణల్లో అక్షరవిన్యాసం, కొలాజ్ – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆధునిక తెలుగు కవిత్వం ఛందస్సును, భాషామర్యాదను, వస్తువును తిరస్కరించినంత ధైర్యంగా అచ్చుపుట రూపాన్ని తిరస్కరించలేదు. ఐరోపాలో డాడావాదుల పత్రికలు, భారతదేశంలో అలహాబాదు, బరోడా నగరాల చిన్నపత్రికలు పుటనే ప్రయోగస్థలంగా చేసుకున్నాయి. తెలుగులో అదే కాలపు తిరుగుబాటు ప్రధానంగా మాటలోనే జరిగింది. దీనికి కారణాలను ఈ వ్యాసం తెలుగు లిపి నిర్మాణంలోను, సీసపు అచ్చుల ఆర్థికంలోను అన్వేషిస్తుంది. చిన్నపత్రికకు దక్కని అక్షరస్వేచ్ఛ జనాదరణ పొందిన పత్రికల శీర్షికల్లోను, సినిమా పోస్టర్లలోను ఎలా సాధ్యమైందో బాపు, ఈశ్వర్‌ల కృషి ఆధారంగా పరిశీలిస్తుంది. ఫిలింనగర్, టోలిచౌకి ప్రాంతాల దృశ్యపరిసరాన్ని ఈ చర్చకు ఉదాహరణగా స్వీకరిస్తుంది. పునర్ముద్రణల మీద మాత్రమే ఆధారపడే పరిశోధన ఈ చరిత్రను కోల్పోతున్నదని, అచ్చుపుటను కూడా పాఠంగా చదవాలని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: అక్షరవిన్యాసం, కొలాజ్, చిన్నపత్రిక, దిగంబర కవులు, బాపు, సినిమా పోస్టర్, ఫాంటు, ముద్రణ చరిత్ర.

1. ఉపోద్ఘాతం

కవితను చదవడానికి ముందే మనం దాన్ని చూస్తాం. పాదాల పొడవు, చుట్టూ వదిలిన ఖాళీ, శీర్షిక పరిమాణం, పక్కన ఉన్న బొమ్మ పాఠకుణ్ణి ఒక రకమైన పఠనానికి సిద్ధం చేస్తాయి. ఈ విషయాన్ని ఐరోపా ఆధునికులు ముందుగానే గుర్తించారు. మలార్మే 1897లో వెలువరించిన దీర్ఘకవితలో అక్షరాల పరిమాణాన్నీ తెల్లని ఖాళీనీ అర్థంలో భాగం చేశాడు. అపొలినేర్ 1918లో తన ‘కాలిగ్రామ్స్’ సంపుటిలో పాదాలను బొమ్మలుగా పేర్చాడు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత బెర్లిన్‌లో హన్నా హోక్ వార్తాపత్రికల ముక్కలను కత్తిరించి అతికించింది. కుర్ట్ ష్విట్టర్స్ 1923లో ప్రారంభించిన ‘మెర్జ్’ పత్రికలో కొలాజ్‌కూ అక్షరవిన్యాసానికీ మధ్య సరిహద్దు చెరిగిపోయింది.

భారతదేశంలో ఈ ధోరణి 1960లలో చిన్నపత్రికల ద్వారా వ్యక్తమైంది. అలహాబాదు నుంచి అరవింద్ కృష్ణ మెహ్రోత్రా మిత్రులు 1965లో ప్రారంభించిన ‘డామ్ యు’ సైక్లోస్టైల్ ప్రతులుగా వెలువడింది. బరోడా నుంచి గులాం మొహమ్మద్ షేక్, భూపేన్ ఖఖర్ 1969 నుంచి 1973 వరకు ‘వృశ్చిక్’ నడిపారు. అందులో చిత్రకారుల లినోకట్‌లు, కవితలు, కళావిధానాలపై వాదోపవాదాలు ఒకే పుటల్లో కలిసి ఉండేవి. ఖఖర్ అప్పటికే దేవుళ్ల పటాల ముక్కలతో కొలాజ్‌లు చేసిన చిత్రకారుడు. ఆ పత్రికలో కవి, చిత్రకారుడు, సంపాదకుడు వేర్వేరు వ్యక్తులు కానవసరం లేదు.

అదే దశాబ్దంలో తెలుగునాట దిగంబర కవులు వచ్చారు. 1966లో వరంగల్లు నుంచి ‘సృజన’, 1968లో కడప జిల్లా నుంచి ‘సంవేదన’ వెలువడ్డాయి. ఈ పత్రికలను మనం వాటిలో అచ్చయిన కవితల కోసం, కథల కోసం, విమర్శ కోసం స్మరిస్తాం. వాటి పుటలు ఎలా ఉండేవన్న ప్రశ్న మన సాహిత్య విమర్శలో అరుదు. ఈ మౌనం విమర్శకుల లోపమా, లేక తెలుగు పుటలోనే చర్చించదగిన ప్రయోగం తక్కువా? రెండూ కొంతవరకు నిజమే. అయితే మూడో సమాధానం ఒకటి ఉంది. ప్రయోగం జరిగింది, కాని మనం వెతికే చోట జరగలేదు.

2. లిపి నిర్మాణం, అచ్చుకేసు పరిమితి

తెలుగు అక్షరం రోమన్ అక్షరం వంటి విడి గుర్తు కాదు. హల్లు, గుణింతం, ఒత్తు కలిసి ఒక ముద్ద అవుతాయి. ముప్ఫై ఆరు హల్లులకు పన్నెండేసి గుణింతరూపాల చొప్పున లెక్క వేసినా 432 రూపాలు. వీటికి ఒత్తులు, ద్విత్వాలు, సంయుక్తాలు అదనం. అన్ని రూపాలకూ వేర్వేరు అచ్చులు పోయకుండా కొన్నిటిని ముక్కలుగా కూర్చుకున్నా, తెలుగు కంపోజిటర్ ముందున్న కేసు ఇంగ్లీషు కంపోజిటర్ కేసుకు అనేక రెట్లు పెద్దది. ఒత్తులు పంక్తి కిందికి దిగుతాయి. గుడులు పైకి లేస్తాయి. అందువల్ల పంక్తికీ పంక్తికీ మధ్య ఎక్కువ ఖాళీ తప్పదు.

ఈ సాంకేతిక వాస్తవానికి సౌందర్య ఫలితం ఉంది. డాడా కవి ఒకే పుటలో పది రకాల అచ్చులను కలపగలిగాడంటే, అతడు వెళ్లిన ప్రెస్సులో ఆ పది రకాలూ సిద్ధంగా ఉండేవి. రోమన్ లిపిలో ఒక కొత్త రకం అంటే పెద్దబడి, చిన్నబడి అక్షరాలు, అంకెలు, విరామచిహ్నాలు. తెలుగులో ఒక కొత్త రకం అంటే కొన్ని వందల అచ్చులు. ట్రెడిల్ యంత్రంతో కరపత్రాలు, శుభలేఖలు అచ్చువేసుకుని బతికే చిన్న ప్రెస్సుకు అది మోయలేని పెట్టుబడి. కాబట్టి చిన్నపత్రిక కవికి దక్కిన స్వేచ్ఛ పాదాన్ని విరవడం, ఖాళీ వదలడం, శీర్షికకు పెద్ద సైజు అచ్చు ఎంచుకోవడం వంటి కొద్దిపాటి అవకాశాలకు పరిమితమైంది.

తెలుగులో దృశ్యకవిత్వ సంస్కారం లేదని దీని అర్థం కాదు. నాగబంధం, చక్రబంధం, ఖడ్గబంధం వంటి చిత్రకవిత్వ రూపాల్లో అక్షరం ఒక గడిలో కూర్చుంటుంది. పఠనమార్గం బొమ్మ వెంట నడుస్తుంది. గడికి ఒక అక్షరం చొప్పున నిండే ఈ పద్ధతి తెలుగు లిపి స్వభావానికి చక్కగా సరిపోయింది. ఆధునికులు ప్రబంధాన్ని తిరస్కరించినప్పుడు దానితోపాటు ఈ వారసత్వాన్నీ విడిచిపెట్టారు. పట్టాభి 1939లో వెలువరించిన ‘ఫిడేలు రాగాల డజన్’ శీర్షికే రెండు భాషల అతుకు. ఆరుద్ర ‘త్వమేవాహం’లో పరభాషా పదాలు, సాంకేతిక పదాలు కవితలోకి చొరబడ్డాయి. వీటిని భాషా కొలాజ్ అనవచ్చు. కాని ఆ భిన్నత్వాన్ని కంటికి చూపించే అక్షరభేదం పుటమీద ఉండేది కాదు. వేర్వేరు లోకాల నుంచి వచ్చిన పదాలన్నీ ఒకే సీసంలో పోతపోసిన ఒకే అచ్చులో సమానంగా కనిపించేవి.

3. పుట వెలుపలి ప్రయోగం: దిగంబర కవులు

పుటలో చోటు దొరకని ప్రయోగం పుట బయటకు వెళ్లింది. దిగంబర కవుల మూడు సంపుటాలు 1965, 1966, 1968 సంవత్సరాల్లో వెలువడ్డాయి. మొదటిదాన్ని హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడు, రెండోదాన్ని విజయవాడలో ఒక హోటల్ కార్మికుడు, మూడోదాన్ని విశాఖపట్నంలో ఒక యాచకురాలు ఆవిష్కరించారు. ఆరుగురు కవులూ తమ పేర్లను వదిలి కొత్త పేర్లు పెట్టుకున్నారు. వారాలకు, ఋతువులకు, సంవత్సరానికి సొంత పేర్లతో కొత్త కాలమానం ప్రకటించారు.

సాహిత్య చరిత్రకారులు వీటిని సాధారణంగా సంచలనం కోసం చేసిన చేష్టలుగానో, నిరసనగానో వివరిస్తారు. ముద్రణ దృష్టితో చూస్తే మరో సంగతి స్పష్టమవుతుంది. రచయిత పేరు, తేదీ, ఆవిష్కర్త అన్నవి ప్రతి పుస్తకంతోనూ యాంత్రికంగా వచ్చే ప్రచురణ వివరాలు. దిగంబర కవులు సరిగ్గా వాటినే మార్చారు. కవిత చుట్టూ ఉండే చట్రాన్ని కవితలో భాగం చేశారు. డాడావాది కత్తెరతో చేసిన పనిని వీరు ప్రచురణ సంప్రదాయం మీద చేశారనవచ్చు. గౌరవనీయుడైన పెద్దమనిషి ఉండవలసిన చోట రిక్షా కార్మికుణ్ణి నిలబెట్టడం కొలాజ్ పద్ధతే. ఒక సందర్భం నుంచి తీసిన అంశాన్ని మరో సందర్భంలో అతికించడం వల్ల రెండు సందర్భాల అసలు స్వభావం బయటపడుతుంది. ఈ అర్థంలో దిగంబర సంపుటాలను తెలుగులో చిన్నపత్రికా ప్రయోగానికి దగ్గరగా వచ్చిన ఉదాహరణగా పరిగణించవచ్చు.

4. చేతిరాత తిరిగివచ్చిన దారి

సీసపు అచ్చు కాదన్నదాన్ని జింక్ బ్లాకు అనుమతించింది. గీసిన ఏ గీతనైనా బ్లాకుగా మార్చి అచ్చుల మధ్య బిగించవచ్చు. కథకు బొమ్మతోపాటు శీర్షికను కూడా చిత్రకారుడే రాసి ఇచ్చే పద్ధతి ఇలా బలపడింది. కంపోజిటర్ చేతిలో లేని వైవిధ్యం చిత్రకారుడి కుంచెలో ఉంది. అయితే ప్రతి బ్లాకుకూ ఖర్చు అవుతుంది. వేల ప్రతులు అమ్ముడయ్యే వారపత్రిక ఆ ఖర్చును భరించగలదు. కొన్ని వందల చందాదారులతో నడిచే చిన్నపత్రిక భరించలేదు. అక్షరప్రయోగం జనాదరణ పత్రికల్లో వికసించడానికి ఇది ముఖ్యమైన ఆర్థిక కారణం.

ఈ మార్గంలో అగ్రగణ్యుడు బాపు (1933–2014). 1955లో ఆంధ్రపత్రికలో వ్యంగ్యచిత్రకారుడిగా చేరిన ఆయన, తరువాత ముళ్లపూడి వెంకటరమణతో కలిసి ‘జ్యోతి’ మాసపత్రిక రూపకల్పనలో పాలుపంచుకున్నాడు. బాపు అక్షరంలో తలకట్టు వేగంగా విసిరిన గీత. ఒత్తు పంక్తి కింద బుద్ధిగా కూర్చోకుండా పై అక్షరం ఒడిలోకి దూరుతుంది. ఒకే పదంలోని అక్షరాలు ఎత్తులో సమానంగా ఉండవు. పక్క అక్షరాన్ని బట్టి ప్రతి అక్షరం తన ఆకారాన్ని సర్దుకుంటుంది. అచ్చు అక్షరం తెలుగు లిపిలోని ముద్ద స్వభావాన్ని ఇబ్బందిగా భావించింది. బాపు దాన్ని అవకాశంగా స్వీకరించాడు. ఈ కారణంగా ఆయన లిపిని అందమైన చేతిరాతగా మాత్రమే కాక, తెలుగు ముద్రణపై ఒక విమర్శగా కూడా చదవవలసి ఉంది.

రెండో ఉదాహరణ ప్రవాసం నుంచి వచ్చింది. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ 1950లో మొదట అచ్చయింది. 1981లో లండన్‌లో గూటాల కృష్ణమూర్తి దాన్ని శ్రీశ్రీ సొంత దస్తూరీలో ప్రచురించాడు. కవి కంఠస్వరాన్ని కూడా ధ్వనిముద్రించి జతచేశాడు. కృష్ణమూర్తి 1890ల ఆంగ్ల సాహిత్యంపై విశేషంగా కృషి చేసిన పండితుడు. ఆ దశాబ్దం బియర్డ్‌స్లీ రేఖాచిత్రాలతో ‘ది ఎల్లో బుక్’ వెలువడిన కాలం. పుస్తకాన్ని, పత్రికను కళావస్తువుగా భావించిన కాలం. ఆ సంస్కారానికీ దస్తూరీ ప్రతికీ సంబంధం ఉందనుకోవడం అసంగతం కాదు. అచ్చులో ముప్ఫై ఏళ్లుగా పరిచయమైన కవితలు దస్తూరీలో భిన్నంగా వినిపిస్తాయి. నినాదంగా స్థిరపడిన పాదం వెనుక దాన్ని రాసిన చేయి కనిపిస్తుంది.

5. సినిమా పోస్టర్: పేరు పెట్టని కొలాజ్

తెలుగులో కొలాజ్ ఎక్కడ ఉందని అడిగితే, పోస్టర్‌లో ఉందన్నది ఈ వ్యాసం ఇచ్చే సమాధానం. మద్రాసు కాలపు పబ్లిసిటీ ఆఫీసుల్లో పని జరిగిన తీరు దీనికి నిదర్శనం. నిశ్చల ఛాయాచిత్రాల నుంచి నటీనటుల ముఖాలను కత్తిరించేవారు. వాటిని అట్టమీద వేర్వేరు పరిమాణాల్లో అతికించి, అంచులు కనిపించకుండా రంగులు వేసేవారు. వాటి మధ్య సినిమా పేరును కుంచెతో రాసేవారు. ఛాయాచిత్రం, చిత్రలేఖనం, అక్షరం మూడూ ఒకే తలంమీద కలిసేవి. సాంకేతికంగా ఇది హన్నా హోక్ చేసినదానికి భిన్నమైనది కాదు. ప్రయోజనం మాత్రం భిన్నం. ఆమె అతుకును చూపించి లోకంలోని పొంతనలేనితనాన్ని బయటపెట్టింది. పోస్టర్ కళాకారుడు అతుకును దాచి పొంతన ఉన్న కలను అమ్మాడు.

కొసనా ఈశ్వరరావు – ‘ఈశ్వర్’గా ప్రసిద్ధుడు (1938–2021) – బాపు దర్శకత్వం వహించిన ‘సాక్షి’ (1967) ద్వారా పబ్లిసిటీ రంగంలో నిలదొక్కుకున్నాడు. కొన్ని దశాబ్దాల కృషి తరువాత ఆయన రాసిన ‘సినిమా పోస్టర్’ గ్రంథానికి నంది పురస్కారం లభించింది. వృత్తి కళాకారుడే తన వృత్తి చరిత్రను రాసుకోవలసి రావడం మన విశ్వవిద్యాలయాలు ఆలోచించవలసిన విషయం. పోస్టర్‌లోని సినిమా పేరు ఒక్కొక్కసారి కథా సంగ్రహంలా పనిచేస్తుంది. పౌరాణికానికి బరువైన, నగిషీ చెక్కిన అక్షరం. అపరాధ పరిశోధన చిత్రానికి పగుళ్లిచ్చిన, నెత్తురోడే అక్షరం. కుటుంబ కథకు మెత్తని వంపుల అక్షరం. పేరు చదవలేని ప్రేక్షకుడు కూడా అక్షరం ఆకారాన్ని బట్టి సినిమా స్వభావాన్ని గ్రహించేవాడు. అక్షరజ్ఞానం పరిమితంగా ఉన్న సమాజంలో ఈ అక్షరవిన్యాసం చేరినంత దూరం ఏ చిన్నపత్రికా చేరలేదు.

ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చాక ఇదే పద్ధతి పత్రికా కార్యాలయాల్లోకీ ప్రవేశించింది. బ్రోమైడ్ కాగితాల మీద వచ్చిన పాఠాన్ని పంక్తులుగా కత్తిరించి, జిగురుతో పుటమీద అతికించే పనిని ‘పేస్టింగ్’ అనేవారు. అంటే కత్తెర, జిగురు ప్రతి రాత్రీ ప్రతి పత్రికా కార్యాలయంలో పనిచేశాయి. సామగ్రి, నైపుణ్యం రెండూ సమకూరాయి. లోపించింది ఆ నైపుణ్యాన్ని కళగా గుర్తించి, కవితో కలిపి కూర్చోబెట్టే సంపాదకత్వం.

6. ఫిలింనగర్, టోలిచౌకి: ఒక దృశ్యపరిసరం

తెలుగు చిత్రపరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు క్రమంగా తరలింది. 1976లో అన్నపూర్ణ స్టూడియో ప్రారంభమైంది. ఆ తరువాతి దశాబ్దాల్లో జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాలు పరిశ్రమకు కేంద్రమయ్యాయి. ఫిలింనగర్ కొండ దిగి షేక్‌పేట మీదుగా టోలిచౌకి చేరితే లిపి మారుతుంది. మండీ హోటళ్లు, దుకాణాల బోర్డుల మీద ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కనే కనిపిస్తాయి. సమీపంలోని కుతుబ్‌షాహీ సమాధుల మీద నల్లరాతిలో చెక్కిన అరబీ శాసనలిపి నాలుగు శతాబ్దాలుగా ఉంది.

ఈ పొరుగు యాదృచ్ఛికమే అయినా బోధన ఉన్నది. ఉర్దూ ముద్రణ నస్తాలిఖ్ లిపి జటిలత్వం వల్ల సీసపు అచ్చును చాలాకాలం అంగీకరించలేదు. కాతిబ్ చేతితో రాసిన పుటను శిలాముద్రణ ద్వారా అచ్చువేసే పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలోనూ కొనసాగింది. 1981లో నూరీ నస్తాలిఖ్, 1990లలో ఇన్‌పేజ్ వచ్చేవరకు ఉర్దూ దినపత్రికల పాఠాన్ని ప్రధానంగా చేతితోనే రాశారు. తెలుగు దీనికి విరుద్ధమైన దారిలో నడిచింది. సీసపు అచ్చును ముందే స్వీకరించి, వేగాన్ని, చౌకను సాధించింది. చేతిరాతను శీర్షికలకు, పోస్టర్లకు, గోడలకు పంపింది. ఒకే నగరంలో రెండు లిపులు యంత్రంతో చేసుకున్న రెండు వేర్వేరు ఒప్పందాలివి. తెలుగు చిన్నపత్రిక పుట ఎందుకు అలా ఉండేదో తెలియాలంటే ఈ పోలిక అవసరం.

సమకాలీన సినిమా పేర్లలో లిపిసమస్య కొత్త రూపంలో కనిపిస్తుంది. 2022లో విడుదలైన ‘ఆర్ఆర్ఆర్’ చిత్రం పేరు రోమన్‌లో ఒకే అక్షరం మూడుసార్లు; కన్ను దాన్ని ఒక చిహ్నంగా పట్టుకుంటుంది. దాని తెలుగు విస్తరణ ‘రౌద్రం రణం రుధిరం’. ఇక్కడ మొదటి అక్షరాలు రౌ, ర, రు. చెవికి ఒకే హల్లు. కంటికి మూడు ఆకారాలు. రోమన్ లిపి పునరుక్తితో సాధించిన ఏకత్వం తెలుగులో గుణింతం వల్ల వైవిధ్యంగా మారుతుంది. దేశవ్యాప్త విపణి కోరేది మొదటిదాన్ని. తెలుగు అక్షరచిత్రకారుడు ఆలోచించవలసింది రెండోదాన్ని. గుణింత వైవిధ్యాన్ని చిహ్నంగా మలచగల రూపకల్పనకు తెలుగులో ఇంకా చాలా చోటుంది.

గోడ మరో పాఠం చెబుతుంది. పోస్టర్ మీద పోస్టర్ అతికి, వానకు చిరిగి, పాత ముఖం కొత్త పేరు కింద నుంచి తొంగిచూడటం హైదరాబాదు గోడలకు కొత్త కాదు. 1949 నుంచి ప్యారిస్‌లో రేమండ్ హేన్స్, జాక్ విల్లెగ్లే ఇలా చిరిగిన పోస్టర్లను గోడలనుంచి ఊడదీసి ప్రదర్శించారు. కూర్చడానికి బదులు ఊడదీయడమే వారి కళ. పోస్టర్ కళాకారుడు దాచిన అతుకును కాలం ఇలా బయటపెడుతుంది.

7. ఫాంటుగా మారిన చేయి

డీటీపీ కాలంలో బాపు అక్షరాల ఆధారంగా ఫాంట్లు వచ్చాయి. అవి శుభలేఖల నుంచి వైద్యశాలల బోర్డుల వరకు, రాజకీయ ఫ్లెక్సీల వరకు వ్యాపించాయి. ఒక చిత్రకారుడి చేయి ఒక జాతి చేతిరాతగా మారడం అసాధారణమైన గౌరవం. అదే సమయంలో ఒక నష్టం కూడా. బాపు రాసిన పదంలో రెండు ‘క’లు ఒకేలా ఉండనవసరం లేదు, ఫాంటులో ఉండక తప్పదు. పక్క అక్షరాన్ని చూసి సర్దుకునే గుణం పోయి, ఆకారం మాత్రం మిగిలింది. ముద్రణపై విమర్శగా పుట్టిన అక్షరం తానే ముద్రణా ప్రమాణమయింది. అందువల్ల నేటి స్వతంత్ర పత్రిక శీర్షికకు బాపు ఫాంటు వాడితే అది ప్రయోగం అనిపించుకోదు. పరిచితమైన తెలుగుదనానికి సంకేతం మాత్రమే అవుతుంది.

2010 దశకంలో సిలికానాంధ్ర చొరవతో యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా అందుబాటులోకి వచ్చాయి. పురుషోత్ కుమార్ గుత్తుల రూపకల్పన చేసిన ధూర్జటి, మండలి, రామభద్ర వంటివి వీటిలో ఉన్నాయి. ఆయనదే అయిన ‘చతుర’ అతి సన్నని నుంచి అతి మందమైన వరకు పలు మందాల్లో లభిస్తుంది. సీసపు కాలంలో చిన్న ప్రెస్సు ఊహించలేని వైవిధ్యం ఇప్పుడు ఒక్క కంప్యూటరులో ఇమిడింది. రెండో విభాగంలో చెప్పిన ఆర్థిక అవరోధం దాదాపు తొలగిపోయింది. ఇకపై తెలుగు పుట సాదాగా ఉంటే దానికి కారణంగా అచ్చుకేసును చూపలేం.

8. పుటను కోల్పోతున్న పరిశోధన

ఇంతవరకు చర్చించిన విషయం పరిశోధన పద్ధతికి నేరుగా సంబంధించినది. మన సిద్ధాంతవ్యాసాలు ఎక్కువగా సర్వస్వాలను, సంకలనాలను, పునర్ముద్రణలను ఉటంకిస్తాయి. పునర్ముద్రణలో కవిత కొత్త ఫాంటులోకి మారుతుంది. పాదవిభజన కొత్త పుట వెడల్పుకు సర్దుకుంటుంది. బొమ్మ, శీర్షికాక్షరం, పక్క ప్రకటన మాయమవుతాయి. డిజిటల్ సేకరణల్లో స్కాన్ చేసిన పుస్తకాలు చాలావరకు నలుపు–తెలుపులో ఉంటాయి. కొన్నిటికి ముఖచిత్రం ఉండదు. 1990ల నుంచి యూనికోడేతర ఫాంట్లలో కూర్చిన పత్రికల మూలఫైళ్లను నేడు ఆ ఫాంటు లేకుండా తెరిస్తే అర్థంలేని రోమన్ అక్షరాలు కనిపిస్తాయి. సీసపు కాలపు పత్రికకంటే మొన్నటి డీటీపీ పత్రికకే ఎక్కువ ప్రమాదం పొంచి ఉంది.

అయితే ఆధారాలు పూర్తిగా లేకపోలేదు. 2024 వరకు అమలులో ఉన్న 1867 నాటి ముద్రణ, పుస్తకాల నమోదు చట్టం ప్రకారం ప్రతి ముద్రిత ప్రతిపైనా ముద్రాపకుని పేరు, ముద్రణాస్థలం ఉండవలసి ఉండేది. పత్రిక చివరిపుటలో మనం దాటేసే ఆ చిన్న పంక్తి ఏ ఊరి, ఏ ప్రెస్సు, ఎప్పుడు అన్న వివరాలు ఇస్తుంది. ఒక పత్రిక ప్రెస్సు మారినప్పుడు పుటరూపం ఎలా మారిందో దానిద్వారా పోల్చవచ్చు. కంపోజిటర్లు, బ్లాకుతయారీదారులు, పేస్టింగ్ కళాకారులు, పోస్టర్ అక్షరచిత్రకారుల్లో కొందరు ఇంకా మన మధ్య ఉన్నారు. వారి మౌఖిక చరిత్రను నమోదు చేయడానికి మిగిలిన కాలం ఎక్కువ కాదు.

9. ఉపసంహారం

పై పరిశీలన నుంచి ఈ నిర్ణయాలు చేయవచ్చు.

1. తెలుగు చిన్నపత్రికల పుట సాదాగా ఉండటానికి కవుల దృశ్యస్పృహ లోపం ప్రధాన కారణం కాదు. లిపి విస్తృతి, చిన్న ప్రెస్సుల ఆర్థిక పరిమితి ప్రధాన కారణాలు.

2. పుటలో సాధ్యం కాని ప్రయోగాన్ని దిగంబర కవులు ప్రచురణ ప్రక్రియలోకి మళ్లించారు. దాన్ని కొలాజ్ పద్ధతిగా చదవవచ్చు.

3. అక్షరస్వేచ్ఛ, కొలాజ్ నైపుణ్యం జనాదరణ పత్రికల్లో, సినిమా పబ్లిసిటీలో పరిణతి పొందాయి. ఉన్నతసాహిత్యం, జనాదరణ కళ అన్న విభజన వల్ల ఈ రెండు చరిత్రలు విడివిడిగా ఉండిపోయాయి. బాపు కృషిని చిత్రకళా విభాగానికి, దిగంబర కవులను సాహిత్య విభాగానికి, ఈశ్వర్‌ను సినిమా విలేకరులకు వదిలేస్తే ఈ కథ ఎవరికీ కనిపించదు.

4. సాంకేతిక అవరోధం తొలగిన నేటి పరిస్థితిలో స్వతంత్ర పత్రికలకు తెలుగు గుణింతం, ఒత్తు ప్రయోగసామగ్రి కాగలవు. అరువు తెచ్చుకున్న రోమన్ ఆకృతులకంటే అవి సారవంతమైనవి.

5. కవితను ఉటంకించేటప్పుడు తొలిముద్రణ పుట పరిమాణం, అచ్చురకం, శీర్షికాక్షరం, చిత్రకారుడు, ముద్రాపకుల వివరాలను నమోదు చేయడం పరిశోధనలో నియమం కావాలి.

తెలుగు కవిత ఏం చెప్పిందన్నదానిపై మనకు విస్తారమైన విమర్శ ఉంది. అది ఏ ఆకారంలో, ఎవరి చేతుల మీదుగా పాఠకుడి ముందుకు వచ్చిందన్నదానిపై పరిశోధన ఇంకా ప్రారంభదశలోనే ఉంది. ఆ చేతుల్లో చాలావాటికి సాహిత్య చరిత్రలో పేరు లేదు. వారిని గుర్తించకుండా రాసే తెలుగు ఆధునికత చరిత్ర సమగ్రం కాజాలదు.